ఎడమ చేతి తుమ్మెద

మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరూ లేరు. ముప్పై ఏళ్ళుగా ఆయన "హలో". మైకు సెట్టు ఆయన వృత్తి. పెళ్ళయినా, సభ అయినా, బడిలో పిల్లల ఆటపాటలైనా అందరికంటే ముందు వచ్చేది ఆయనే, అందరూ వెళ్ళాక తాళ్ళూ వైర్లూ సర్దుకుని వెళ్ళేదీ ఆయనే. మైకు ముందు నిలబడి, "హలో... హలో... ఒకటి, రెండు, మూడు" అనేవాడు. నాలుగు అనగా ఎవరూ వినలేదు. మూడు దగ్గర ఆగి, తల ఓ పక్కకి వంచి, స్పీకరు పెట్టెల్లోంచి సన్నగా జుమ్మనే రొద ఏదైనా వస్తోందేమోనని చూసేవాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని హమ్మింగు అంటారు. అది చెవిన పడితే ఆయనకి ముద్ద దిగదు. ఒక్కో వైరూ పీకి, మళ్ళీ పెట్టి, ఆ రొద చచ్చేదాకా స్టేజీ దిగేవాడు కాదు.

పోను పోను ఆ చెవులే మందగించాయి. ముప్పై ఏళ్ళు పెద్ద పెట్టెల పక్కన కూర్చున్న చెవులు మరి. ఈ పదేళ్ళుగా ఆయన మూడు దగ్గర ఆగి, తనతోపాటు పనిచేసే బావమరిది వైపు చూసి, "ఉందా?" అని అడిగేవాడు. వాడు లేదంటే ఆయన ముఖం విప్పారేది.

అలాంటి మనిషికి దేవుడు యాభై మూడో ఏట ఆ రొదనే తెచ్చి చేతిలో పెట్టి, ఇది ఆగిపోకుండా చూసుకో నాయనా అన్నాడు.

జబ్బు ఎలా వచ్చిందంటే, నడుం నొప్పితో వచ్చింది. ఇద్దరు మనుషులు మొయ్యాల్సిన స్పీకరు పెట్టెని ఆయన ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. నడుం పట్టేస్తే మందుల షాపులో ఒక బిళ్ళ అడిగి నోట్లో వేసుకుని మళ్ళీ పనిలో దిగేవాడు. "బిళ్ళ పడితే చాలురా, పెట్టె దానంతటదే లేస్తుంది" అని నవ్వేవాడు. పదిహేనేళ్ళు అలా మింగాడు. ఆ బిళ్ళల బరువంతా లోపల మూత్రపిండాలు మోస్తున్నాయని కాళ్ళు వాచేదాకా ఆయనకి తెలియలేదు. తెలిసేసరికి అవి పదిపాళ్ళలో ఒక పాలు పనిచేస్తున్నాయి.

"ఇంకో రెండు మూడు నెలల్లో డయాలిసిస్ తప్పదు" అన్నాడు పెద్ద డాక్టరు. "రక్తాన్ని బయటికి తీసి, మిషన్లో కడిగి, మళ్ళీ లోపలికి పంపాలి. అందుకు చేతిలో ఇప్పుడే ఒక దారి చేసిపెట్టుకోవాలి."

ఆ దారి చేసే ఆపరేషను పేరు ఫిస్టులా. మణికట్టు దగ్గర చర్మం కోసి, గుండె నుంచి ఉరుకుతూ వచ్చే రక్తనాళాన్నీ, పక్కనే మెల్లగా పారే నరాన్నీ కలిపి కుడతారు. ఉరుకు తగిలి ఆ నరం లోపల సన్నగా జుమ్మంటూ రోజురోజుకీ లావెక్కుతుంది. ఆరు వారాలో, రెండు నెలలో ఆగితే మిషను సూదులు తట్టుకునేంత గట్టిపడుతుంది. ఆయనకి కుడిచేతిలో నరాలన్నీ సెలైన్ సూదులకి మొండికెత్తిపోయాయి. ఎడమ మణికట్టు దగ్గర మాత్రం ఒక మంచి నరం మిగిలింది.

"దీన్ని కంటికి రెప్పలా కాపాడుకోండి. ఇది పోతే మెడలో గొట్టం వెయ్యాలి. ఆ గొట్టం వెంట చీము చేరితే నేరుగా గుండెకే" అన్నాడు ఆపరేషను చేసే డాక్టరు.

మెడ గొట్టం అంటే ఏమిటో హలోకి తెలుసు. పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా డయాలిసిస్ గదిలో కిటికీ పక్క మంచం మీద ఒకాయన కనిపించేవాడు. బస్సు డ్రైవరట. మెడకి పట్టీ, అందులోంచి రెండు గొట్టాలు. హలోని చూసి చెయ్యెత్తి, మైకు పట్టుకున్నట్టు గుప్పిట నోటి దగ్గర పెట్టుకుని నవ్వేవాడు. ఒక వారం చలిజ్వరం అన్నారు. మరుసటి వారం ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. హలో సిస్టరమ్మని అడిగాడు. ఆమె మడిచిన దుప్పటినే మళ్ళీ విప్పి మడిచింది.

అందుకని ఆపరేషను బల్ల మీద పడుకున్నప్పుడు ఆయన దేవుణ్ణి కోరింది ఒక్కటే. నాకు ఆయుష్షు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ గొట్టం మాత్రం వద్దు తండ్రీ.

చెయ్యి ఒక్కటే మొద్దుబార్చి కోశారు. రెండు గంటలు పట్టింది. చివర్న డాక్టరు వేలుపెట్టి చూసి, "వచ్చింది" అన్నాడు. బయటికి తెచ్చాక సిస్టరమ్మ వచ్చి ఆయన చెయ్యిని దిండు మీద ఎత్తుగా పెట్టింది. పెన్ను తీసి మోచేతి కింద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ చేతికి సూది వెయ్యొద్దు, బి.పి. చూడొద్దు.

"బాబాయ్, ఇక్కడ రోజుకి రెండుసార్లు వేళ్ళు ఆనించి చూసుకోండి. పిల్లి గుర్రుమన్నట్టు తెలుస్తుంది. తెలుస్తున్నంతకాలం బాగున్నట్టే. తెలియకపోతే మాత్రం ఉన్నపళాన రండి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనొద్దు."

హలో కుడిచేతి వేళ్ళు మణికట్టు మీద పెట్టాడు. ఆయన వేలికొసలు మామూలువి కావు. వైర్లు అతికించే వేడి కడ్డీ తగిలి తగిలి కాయలు కాసి, కొమ్ములా అయిపోయాయి. ఏమీ తెలియలేదు. వంగి చెవి పెట్టి చూశాడు. అదీ లేదు.

"ఆగిపోయిందా తల్లీ?"

సిస్టరమ్మ చూసి, "అయ్యో, నిక్షేపంలా ఉంది బాబాయ్" అంది.

"అన్నేళ్ళు వద్దు మొర్రో అంటే వినిపించింది. ఇప్పుడు కావాలంటే రాదేం?"

పక్కన నిలబడ్డ ఆయన భార్య కొంగు వెనక్కి దోపుకుని, వంగి, పట్టీ పక్కన చెవి ఆనించింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

"తుమ్మెద తిరుగుతోందండీ" అంది.

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి ఆయన ఎడమచెయ్యి చాపేవాడు. ఆమె ఎక్కడున్నా వచ్చి, తడిచేతులు తుడుచుకుని, చెవి పెట్టేది. ఆయన "ఉందా?" అనేవాడు. ఆమె "ఉంది" అనేది. అప్పుడు గానీ ఆ ఇంట్లో తర్వాతి పని మొదలయ్యేది కాదు.

మొదటి వారం చెయ్యి మోచేతిదాకా ఉబ్బింది. వేళ్ళు చల్లగా, వేరెవరివో అన్నట్టు ఉండేవి. ఆమె ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ చేతులు కత్తిరించి నొక్కుడు గుండీలు కుట్టింది. చేతి గడియారం తీసి బీరువాలో పెట్టేసింది. పన్నెండో రోజున కుట్లు తీశారు. మచ్చ వానపాములా మిగిలింది. చెయ్యి తేరుకుంటోంది గానీ మనిషి దిగజారుతున్నాడు. పొద్దున్నే వాంతులు, నోట్లో తుప్పు రుచి, ఒళ్ళంతా దురద. అన్నిటికంటే దాహం. రోజు మొత్తానికి ముప్పావు లీటరు నీళ్ళు, అంతకుమించి చుక్క లేదు. ఆమె ఆ నీళ్ళని సీసాలో పోసి, మధ్యాహ్నానికి ఎంత, సాయంత్రానికి ఎంత అని రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టేది. ఒకనాడు ఆయన ఆ సీసాని చూస్తూ కూర్చుని, "ఇదిగో, నేను పోయాక నా నోట్లో పోసే నీళ్ళు ఇప్పుడే ఇచ్చెయ్యరాదూ" అన్నాడు. ఆమె ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం చెవి మాత్రం పెట్టింది.

అప్పుడే మా వీధి ఆయన్ని ఎంత పదిలంగా చూసుకుందో చెప్పకపోతే పాపం. టీ కొట్టాయన ఆయన కోసం అంగుళమంత గ్లాసు ఒకటి వెతికి తెచ్చాడు. అందులో పోస్తే కొద్దిగానే అయినా నిండు గ్లాసు తాగినట్టుంటుందని. ఎదురింటి ముసలమ్మ ఆయన అరుగు మీద కూర్చున్నంతసేపూ కుళాయి విప్పేది కాదు, నీళ్ళ చప్పుడు వినిపిస్తే పాపం నోరు పీకుతుందని. ఆయనకి అసలు ఆ చప్పుడే వినిపించదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇక పక్కింటి ఆటోవాలా. మనిషి వాగుడుకాయ, మనసు వెన్న. నరం లావెక్కడానికి రోజూ మెత్తటి బంతిని పిసకాలని డాక్టరు చెప్పాడని విని, తన పాత ఆటోకి ఉన్న హారన్ రబ్బరు బుడ్డి ఊడదీసి తెచ్చిచ్చాడు.

"అన్నా, రోజుకి వందసార్లు కొట్టు. దారి ఇవ్వక చస్తుందా నరం!"

"హారన్ కొడితే దారిచ్చినోణ్ణి నువ్వు ఎప్పుడైనా చూశావురా?"

"నన్ను చూసి ఎవరూ ఇవ్వరు గానీ నిన్ను చూసి ఇస్తారులే."

అలా ఇరవై మూడు రోజులు గడిచాయి. తుమ్మెద ఉంది.

ఇరవై నాలుగో రోజున మధ్యాహ్నం బావమరిది ఒక పెళ్ళి పని ముగించుకుని వచ్చాడు. హలో జబ్బు పడ్డప్పటి నుంచీ సెట్టు బరువంతా వాడి మీదే పడింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. సాయంత్రానికి ఇంకో చోట సభ. వైర్ల గోనెసంచి ముందుగదిలో కుమ్మరించి, "బావా, కాస్త కునుకు తీసి వచ్చి చుట్టుకుంటా" అని వెళ్ళాడు. ఆయన భార్య మందుల కోసం ఆసుపత్రికి వెళ్ళి ఉంది.

గదిలో హలో, వైర్ల కుప్ప మిగిలారు.

ఆ పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వైరుకి దాని మెలిక దానికుంటుంది. ఎటు చుడితే అటు అలవాటు పడుతుంది. తిన్నగా చుట్టిన వైరు మర్నాడు విసిరితే పాములా సాగిపోతుంది. కుప్పగా పడేసిన వైరు లోపల్లోపలే తెగుతుంది, పైకి తెలియదు, సభ మధ్యలో గరగరమంటుంది. అందుకని మైకు పనివాళ్ళు వైరుని ఎడమ బొటనవేలి సందులోంచి మోచేతి కిందుగా, మళ్ళీ వేలి సందులోకి, బిగువుగా, ఒక చుట్టు పైనుంచి ఒక చుట్టు కిందనుంచి తిప్పుతారు. హలోకి నడక వచ్చినంత సహజంగా వచ్చిన విద్య అది. ముప్పై ఏళ్ళలో ఆ చేతికి చుట్టిన వైరంతా కలిపితే ఊళ్ళ మీద ఊళ్ళు దాటుతుంది.

కుప్పని చూసి ఆయన కాసేపు ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఒక కొస పట్టుకుని లాగాడు, చిక్కు విడిపోతే చాలనుకుని. చిక్కు విడింది. కొస చేతిలో ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకే సరిగ్గా తెలియదు. కళ్ళు వాకిట్లో ఉన్నాయి, మనసు ఎక్కడో పాత పెళ్ళిపందిట్లో ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎడమ చేతికి ఆపరేషను గుర్తు లేదు. ముప్పై ఏళ్ళు గుర్తున్నాయి.

నలభై చుట్లు పడ్డాక ఆటోవాలా గుమ్మంలోకి వచ్చాడు.

"ఓహో! పనిలో పడ్డావే అన్నా! ఇంక నీ జబ్బు మూటాముల్లె సర్దుకోవాల్సిందే!"

ఆ మాట ఆయనకి అమృతంలా సోకింది. నెల రోజులుగా ఎవరొచ్చినా ఎలా ఉంది, ఏం తింటున్నావు, నీళ్ళు తగ్గించావా అనేవాళ్ళే. పనిలో ఉన్నావే అన్నవాళ్ళు లేరు. ఆయన వైరు చుట్ట దించలేదు. మోచెయ్యి మడిచి, దాన్ని ఒళ్ళో పసిపిల్లని పెట్టుకున్నట్టు పెట్టుకుని కబుర్లలో పడ్డాడు. ఆటోవాలా ఆ రోజు తన బండెక్కిన ఒకావిడ కథ ఎత్తుకున్నాడు. ఆవిడ దారంతా ఫోన్లో మొగుణ్ణి తిట్టి, దిగేటప్పుడు ఫోను చూసుకుంటే అవతల ఎవరూ లేరట, ఎప్పుడో పెట్టేశాడట. హలో కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ముప్పావుగంట అలా గడిచింది. చెయ్యి తిమ్మిరెక్కితే అప్పుడు చుట్టని తీసి మేకుకి తగిలించాడు. మేకు మీద ఆ చుట్ట పళ్ళెమంత గుండ్రంగా వేలాడుతుంటే మురిసిపోయి చూసుకున్నాడు. జబ్బు చేశాక ఆయన అంత హాయిగా ఉన్న మధ్యాహ్నం అదొక్కటే.

దీపాలు పెట్టే వేళకి భార్య వచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేతులు తుడుచుకుని, కూర్చుని చెవి ఆనించింది.

"ఉందా?"

ఆమె లేచి వెళ్ళి ఫ్యాను ఆపింది. వీధి తలుపు వేసింది. వచ్చి రెండో చెవి పెట్టింది. కొంచెం పైన, కొంచెం కింద.

"ఉందా అంటే?"

"ఏవండీ, నాకు వినిపించట్లేదు."

హలో మేకు వైపు చూశాడు.

ఆటోవాలా ఆ సాయంత్రం ఎవరికీ దారి ఇవ్వలేదు. పావుగంటలో ఆసుపత్రి వరండాలో ఉన్నారు. సంగతి తెలిసి బావమరిది సభ ఇంకొకరికి అప్పగించి పరిగెత్తుకొచ్చాడు. సిస్టరమ్మ యంత్రం పెట్టి చూసి, పెదవి కొరుక్కుని డాక్టరుకి కబురు పంపింది. డాక్టరు వస్తూనే అడిగాడు.

"ఏం జరిగింది? ఏదైనా బిగించి కట్టారా? చేతి మీద పడుకున్నారా?"

హలో "లేదండీ" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. బడిలో తప్పు చేసిన పిల్లవాడి నోట్లోంచి వచ్చినట్టు వచ్చేసింది.

అప్పుడు ఆయన భార్య ముందుకొచ్చింది.

"నేనేనండీ డాక్టరుగారూ. పొద్దున తూలితే ఆ మణికట్టే పట్టుకుని లేవదీశాను. కుడిచెయ్యి పట్టుకోవాల్సింది. తొందర్లో ఎడమది పట్టుకున్నాను. నా చేతులు విరిగిపోనూ!"

"ఊరుకో అక్కా" అన్నాడు బావమరిది. "బావకి విశ్రాంతి లేకుండా చేసింది నేను. ఇంట్లోకి గోల తెచ్చింది నేను."

"మీరిద్దరూ కాదు వదినా" అన్నాడు ఆటోవాలా, ఎప్పుడూ నవ్వే మనిషి, ముఖం వేలాడేసుకుని. "ఆ హారన్ బుడ్డి గట్టిది. అది పిసికే ఇలా అయ్యుంటుంది. ఆ దిక్కుమాలిన బుడ్డి ఇచ్చింది నేను."

లోకంలో తప్పుని ఒకరి మీంచి ఒకరి మీదికి తోసేవాళ్ళనే ఎక్కువ చూస్తాం. ఆ వరండాలో ముగ్గురు మనుషులు ఒక తప్పు కోసం నాది నాదని పెనుగులాడారు. ముగ్గురిదీ కాదు అది. అది ఎవరిదో ఆ మనిషి వాళ్ళ మధ్యే చక్రాల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు.

సిస్టరమ్మ ఆయన్ని లోపలికి తోసుకెళ్ళి, చొక్కా చెయ్యి గుండీలు విప్పింది. దీపం దగ్గరికి లాగింది. ముంజేతి పొడుగునా, ఒకదాని పక్కన ఒకటి, ఎర్రటి గీతలు ఇంకా పోలేదు. ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి, ఆయన ముఖంలోకి చూసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"తాడా, వైరా బాబాయ్?"

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"వైరు."

"డాక్టరుగారికి ఇది తెలియాలి. నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?"

"డాక్టరుకి నువ్వు చెప్పు తల్లీ. దానికి నేను చెప్తాను."

ఆయన భార్యని లోపలికి పిలిపించుకున్నాడు. గట్టిగా మాట్లాడడం అలవాటైన మనిషి. చెవులు మందగించినవాళ్ళ గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆ రోజు మాత్రం ఆయన గొంతు ఆయనకే వినిపించనంత చిన్నదైపోయింది.

"నువ్వు పట్టుకుంటే పోలేదే. వైరు చుట్టాను. ఈ చేతికే చుట్టాను. గంటసేపు పెట్టుకు కూర్చున్నాను."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. మండిపడింది.

"నెల రోజులు... నెల రోజులండీ, నా చెవి తీసుకొచ్చి మీ చేతికి అతికించుకున్నాను. వీధిలో ఎవరు పిలిచినా వినిపించేది కాదు, ఆ చప్పుడే ఉండేది నా చెవిలో. గిన్నెలు తోముతుంటే కూడా అదే. ఒక్క పూట, ఒక్క పూట నేను లేకపోతే వైరు చుడతారా మీరు?"

"చేతులు వాటంతటవే..."

"చేతులకేం తెలుస్తుంది! మీకు తెలియొద్దూ?"

అని, అన్నాక, ఆ చెయ్యే రెండు చేతుల్లోకి తీసుకుని, చప్పుడు లేని ఆ మణికట్టుకి చెవి పెట్టి అలాగే ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఉందా అని అడగలేదు.

డాక్టరు మళ్ళీ కోశాడు. గడ్డకట్టిన నెత్తుటిని తీశాడు. పారింది. బయటికి వచ్చాక ఆమె చెవి పెడితే చాలా దూరంలో ఎక్కడో తిరుగుతున్నట్టు సన్నగా వినిపించింది. వాళ్ళు ఆ పూటంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మర్నాడు పొద్దున చెవి పెడితే లేదు. ఇక కోసి లాభం లేదన్నాడు డాక్టరు.

నాలుగు రోజులకి ఆయనకి ఆయాసం ఎక్కింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మెడలో గొట్టం వేశారు. ఏది వద్దని దేవుణ్ణి బతిమాలుకున్నాడో అదే వచ్చింది. కిటికీ పక్క మంచమే దొరికింది. మొదటిరోజు మిషను పక్కన పడుకుని ఆయన పైకప్పు చూస్తూ, "తండ్రీ, నీ చెవులు కూడా నాలాగే మందగించాయా?" అన్నాడట. సిస్టరమ్మ విని నవ్వలేదు. దుప్పటి భుజాల దాకా కప్పి, "వినిపిస్తాయి బాబాయ్. కాకపోతే వరస ఉంటుంది" అంది.

వారానికి మూడుసార్లు ఆ మంచం. ప్రతి సాయంత్రం ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, వేడి ఉందేమోనని. రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన బావమరిదిని కూర్చోబెట్టుకుని, ఏ పెట్టె ఎవరికి అరువిచ్చారో, ఏ మైకు నీళ్ళలో పడి పాడైందో అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. వాడు లేచి నిలబడి, "బావా, ఇవన్నీ నువ్వు లేచాక చూసుకుందాం. నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అని బయటికి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఆ జ్వరం తగ్గింది. ఎందుకు తగ్గిందో డాక్టరు ఏవో మందుల పేర్లు చెప్పాడు. నేను మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నెల తర్వాత అదే చేతికి మోచేతి పైన ఇంకొక ఫిస్టులా చేశారు. డాక్టరు ఈసారి కంటికి రెప్ప మాట ఎత్తలేదు. "ఈ చేతిలో ఇంక చోటు లేదు. ఇదే ఆఖరిది" అన్నాడు, అంతే. అది గట్టిపడి, సూది తట్టుకునేదాకా మెడ గొట్టం ఉండాల్సిందే. ఏది ముందో ఎవరికీ తెలియదు, నరం గట్టిపడటమో, మూడో జ్వరమో.

మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ముందుగదిలో మళ్ళీ వైర్ల కుప్ప ఉంది. ఆ కుప్ప ముందు ఒక స్టూలు తలకిందులుగా, నాలుగు కాళ్ళూ పైకి పెట్టి ఉంది. అది సిస్టరమ్మ సలహాట. స్టూలు కాళ్ళకి చుట్టుకోండి, చెయ్యెందుకు అందట. బావమరిది చుడుతున్నాడు. ఆయన భార్య కుప్పలోంచి కొస అందిస్తోంది. హలో కుర్చీలో మెడకి పట్టీతో, ఎడమచెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మాత్రం కుర్చీ చేతి మీద ఆగకుండా తిరుగుతోంది, పైనుంచి, కిందనుంచి.

"స్టూలుకి చుట్టేవాడు మైకు సెట్టువాడా?" అన్నాడు నన్ను చూసి. "చూడండి, ఆ చుట్ట చూడండి. కాకి గూడులా ఉంది."

"కాకి గూడే బావా. గుడ్లు పెడితే నీకే ఇస్తా."

"ఒరేయ్, కిందనుంచిరా! కిందనుంచి!"

"మీరు ఊరుకోండి" అంది ఆమె. "అరిస్తే మెడ కదులుతుంది."

ఆయన ఊరుకున్నాడు. వాడు చుట్ట పూర్తి చేసి మేకుకి తగిలించాడు. ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా, నిజంగానే కాకి గూడులా ఉంది. ఆయన దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు.

వెలుగు తగ్గుతోంది. ఎవరూ చెప్పకుండానే బావమరిది ఫ్యాను ఆపాడు. నేను లేచి వీధి తలుపు దగ్గరగా వేశాను. ఆమె చేతులు తుడుచుకుని, కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి పైన చెవి ఆనించింది. ఎదురింటి ముసలమ్మ కుళాయి కట్టేసింది కాబోలు, వీధిలో కూడా చప్పుడు లేదు.

"ఉందా?"

ఆమె వెంటనే చెప్పలేదు. ఇప్పుడు ఆమె ఎప్పుడూ వెంటనే చెప్పదు. రెండో చెవి కూడా పెట్టి, పూర్తిగా విని, తల ఎత్తింది.

"ఇవాళ్టికి ఉంది" అంది.